నిదానం: ఉద్దానం మూత్రపిండ వ్యాధి – కారణాన్వేషణలోని నైతిక ప్రశ్న

తెలుగులో ‘నిదానం’ అనే పదానికి రెండు అర్థాలు స్థిరపడి ఉన్నాయి. వైద్యశాస్త్ర పరిభాషలో అది రోగకారణం, దాని నిర్ణయం. మాధవకరుని గ్రంథానికి ‘మాధవనిదానం’ అన్న పేరు ఈ అర్థంలోనే ఏర్పడింది. లోకవ్యవహారంలో అది తొందరపాటు లేకపోవడం, నెమ్మది. ‘నిదానమే ప్రధానం’ అన్న సామెత రెండవ అర్థంలో పుట్టినదే అయినా, ఆయుర్వేదం ‘నిదానపరివర్జనం’ అనే సూత్రంతో చెప్పే మాటకు కూడా అది చక్కగా అతుకుతుంది. రోగహేతువును తొలగించడం చికిత్సకు మొదటి మెట్టు. తొలగించాలంటే అది ఏదో తెలియాలి. తెలుసుకోవడానికి ఓర్పు కావాలి. సాధారణంగా ఈ రెండు అర్థాల మధ్య పేచీ రాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో మాత్రం మూడు దశాబ్దాలుగా ఆ పేచీ నడుస్తున్నది. అక్కడ మొదటి నిదానం ఇంకా దొరకలేదు. రెండవ నిదానానికి మూల్యం చెల్లిస్తున్నది అక్కడి రైతులు, కూలీలు, వారి కుటుంబాలు.

ఒక వ్యాధికి కారణం నిర్ధారణ కానప్పుడు, దానిని వెదికేవారికి, ప్రాంతాన్ని పాలించేవారికి, ఆ వ్యాధి నడుమ బతికేవారి పట్ల ఉండే బాధ్యత ఎటువంటిది? కారణం తెలిసేదాకా అది వాయిదా పడుతుందా? ఈ వ్యాసంలో పరిశీలనకు తీసుకొన్న ప్రశ్న ఇదే. వైద్య, ప్రజారోగ్య, పర్యావరణ ఇంజనీరింగు శాస్త్రాలు మూడూ కలిసి పనిచేయవలసిన చోట ఈ ప్రశ్న ఏ ఒక్క శాస్త్రానికీ చెందనిదిగా మిగిలిపోతుంది. అందువల్ల దానిని విడిగా ఎత్తి చూపవలసి వస్తున్నది.

ప్రాంతం, వ్యాధి

ఉద్దానం అన్న పేరు ‘ఉద్యానవనం’ నుండి వచ్చిందని ప్రసిద్ధి. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలలో పరచుకొన్న ఈ తీరభూమి కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలకు పెట్టింది పేరు. పలాస-కాశీబుగ్గ జంటపట్టణం జీడిపప్పు పరిశ్రమకు కేంద్రం. వజ్రపుకొత్తూరు మండలంలోని పూండి, హౌరా-చెన్నై రైలుమార్గంలో నౌపడకు, పలాసకు నడుమ ఉన్న స్టేషన్. సముద్రతీర గ్రామాలవారు రైలు అందుకొనే చోట్లలో అదొకటి. సమీపంలో మూత్రపిండ వైద్యం లేని కాలంలో విశాఖపట్నం కింగ్ జార్జ్ ఆసుపత్రి దాకా సాగే ప్రయాణానికి ఈ మార్గమే ఆధారం.

1990లలో ఈ ప్రాంతపు రోగులలో ఒక విశేషాన్ని వైద్యులు గమనించసాగారు. మూత్రపిండాల దీర్ఘకాలిక వ్యాధికి లోకమంతటా ప్రధాన హేతువులైన మధుమేహం, అధిక రక్తపోటు చాలామందిలో కనిపించడం లేదు. మూత్రంలో మాంసకృత్తులు పోవడం కూడా స్వల్పమే. దెబ్బతింటున్నవి ప్రధానంగా మూత్రపిండ నాళికలు, వాటి నడిమి కణజాలం. అందువల్ల వ్యాధి చప్పుడు లేకుండా ముదురుతుంది. మూత్రపిండాల శక్తిలో అధికభాగం నశించేదాకా మనిషి తోటపనికి పోతూనే ఉంటాడు. ఆ తరువాత రక్తపరీక్షలో ఒక అంకె బయటపడుతుంది. ‘క్రియాటినిన్’ అనే ప్రయోగశాల పదం ఉద్దానం ఇళ్లలో జ్వరం, పడిశం వంటి మాటల సరసన చేరిపోవడానికి ఇదే హేతువు.

ఆచార్య టి. రవిరాజు బృందం 2019లో ప్రకటించిన సర్వే, జార్జ్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ గ్లోబల్ హెల్త్ పరిశోధకులు మరుసటి ఏడు ప్రకటించిన అధ్యయనం వేర్వేరు పద్ధతులలో జరిగినవే అయినా, రెండూ దగ్గరి ఫలితానికే చేరుకొన్నాయి. ఇక్కడి వయోజనులలో సుమారు అయిదుగురికి ఒకరు మూత్రపిండ వ్యాధిగ్రస్తులు. అనుమానితుల జాబితా పొడుగ్గానే ఉంది: భూగర్భజలంలోని సిలికా, ఫ్లోరైడు, భారలోహాలు, పురుగుమందులు, ఎండలో శ్రమించే దేహం నీరు కోల్పోవడం, నొప్పి మాత్రల వాడకం, వంశపారంపర్య గుణం. వీటిలో ఏ ఒక్కటీ నిర్ణాయకంగా రుజువు కాలేదు.

ఒక పోలిక ఇక్కడ అవసరం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటి కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. దానికి పేరుంది, తేదీ ఉంది, కూలిన చెట్ల లెక్క ఉంది. కనుక పరిహారం అడగడానికి, ఇవ్వడానికి ఒక దారి ఏర్పడింది. మూత్రపిండ వ్యాధికి తేదీ లేదు, కర్త లేడు. కర్త లేని నష్టాన్ని న్యాయవ్యవస్థ, పాలనావ్యవస్థ దేనికీ ఆనని నష్టంగానే చూస్తాయి. ‘కారణం’ అనే మాట శాస్త్రంలో ఎంత బరువైనదో, నష్టపరిహార శాస్త్రంలో అంతకంటె బరువైనది.

కారణం, కారణసామగ్రి

కార్యానికి ముందు తప్పనిసరిగా ఉండేదీ, అన్యథాసిద్ధం కానిదీ కారణమని భారతీయ తర్కశాస్త్రం నిర్వచిస్తుంది. తెలుగువాడైన అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’ ద్వారా ఈ విచారం విద్యార్థులందరికీ చేరువైంది. కుండ పుట్టడానికి ముందు మట్టి మోసుకొచ్చిన గాడిద ఉండవచ్చు. కుమ్మరి తండ్రి కూడా ఉండి తీరాలి. అయినా కుండకు వారు కారణాలు కారు. ముందుండడం వేరు, కారణం కావడం వేరు. ఉద్దానం పరిశోధనలో మూడు దశాబ్దాలుగా జరుగుతున్న పని చాలావరకు ఇదే: గాడిదను మట్టి నుండి వేరు చేయడం. ఒక గ్రామపు బోరునీటిలో సిలికా ఎక్కువగా ఉన్నదని తేలగానే పని ముగియదు. అదే మోతాదు ఉన్నా వ్యాధి లేని ఊరు ఉన్నదా అని అడగాలి.

న్యాయశాస్త్రం మరొక మెలకువ కూడా నేర్పుతుంది. నిప్పు ఉన్నచోటనల్లా పొగ ఉండదు. తడికట్టె తోడైనప్పుడే పొగ. ఈ తడికట్టెను ‘ఉపాధి’ అన్నారు. నీటిలోని ఏదో ఒక పదార్థం నిప్పయితే, వేసవిలో చెమటోడ్చి నీరింకిన శరీరం తడికట్టె కావచ్చు. లేదా అటు నుండి ఇటు కావచ్చు. అప్పుడు వెదకవలసినది ఒంటరి కారణాన్ని కాక, న్యాయశాస్త్రం ‘కారణసామగ్రి’ అన్న సముదాయాన్ని. సామగ్రిలో ఏ ఒక్క అంగం లోపించినా కార్యం పుట్టదు. తర్కరీత్యా చిన్నదిగా కనిపించే ఈ మాట నైతికంగా చాలా దూరం పోతుంది. కుండ ఎలా పుట్టిందో పూర్తిగా వివరించాలంటే సామగ్రి అంతా తెలియాలి. కుండ పుట్టకుండా ఆపడానికి చక్రాన్ని ఆపినా చాలు. వివరణకు కావలసిన జ్ఞానం ఎక్కువ, నివారణకు కావలసినది తక్కువ.

లండను నగరంలో 1854లో కలరా వ్యాపించినప్పుడు జాన్ స్నో బ్రాడ్ స్ట్రీట్ పంపు పిడి తీయించిన ఉదంతం ప్రజారోగ్య శాస్త్రానికి పాదులు వేసిన కథగా అందరికీ తెలిసినదే. రాబర్ట్ కాఖ్ కలరా క్రిమిని గుర్తించినది 1883లో. నడుమ 29 ఏళ్ల ఎడం. కలరా అప్పటికే తగ్గుముఖం పట్టిందని చరిత్రకారులు అంటారు, అది వేరే చర్చ. స్నో దగ్గర ఉన్నది సంపూర్ణ కారణజ్ఞానం కాదన్నదే ఇక్కడ ప్రస్తుతం. 1965లో బ్రాడ్‌ఫర్డ్ హిల్ లండనులో చేసిన ప్రసంగం సహసంబంధం నుండి కారణానికి చేరడానికి తొమ్మిది దృష్టికోణాలను సూచించినదిగా పేరు పొందింది. ఆ ప్రసంగపు చివరి భాగాన్ని పాఠ్యపుస్తకాలు అంతగా పట్టించుకోవు. చేయబోయే పని ఎంత ఖరీదైనదో, పొరబడితే ఎంత నష్టమో చూసి రుజువు స్థాయిని నిర్ణయించుకోవాలని, శాస్త్రజ్ఞానం అసంపూర్ణమన్నది ఊరకుండడానికి సాకు కారాదని హిల్ అక్కడ వాదించాడు. చేతిలోని పని తేలికైనదీ, తప్పినా హాని లేనిదీ అయితే కొద్దిపాటి అనుమానం చాలు. మనుషుల బతుకుతెరువును మార్చేదైతే గట్టి రుజువు కావాలి. తాగడానికి నదినీరు ఇవ్వడం మొదటి కోవలోకి వస్తుంది. ఒక ప్రాంతపు తోటలను నరికించడం రెండవ కోవలోకి వస్తుంది.

ఈ వివేకం ఉద్దానానికి బయటినుండి రానక్కరలేదు. సోంపేట బీలలో తలపెట్టిన థర్మల్ విద్యుత్ కేంద్రాన్ని అక్కడి రైతులు, మత్స్యకారులు ప్రతిఘటించారు. 2010 జులై 14న కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. నేల చెడిపోయిందన్న రుజువు కోసం వారు వేచి చూడలేదు. చెడిన తరువాత రుజువుతో పనేమిటన్నదే వారి వాదం. రియో ప్రకటన 1992లో ‘ముందుజాగ్రత్త సూత్రం’గా ఒప్పుకొన్నది కూడా ఇంచుమించు అదే.

నల్గొండ చెప్పే సంగతి

‘ముందు కారణం తేలాలి, తరువాత చర్య’ అన్న వాదం వెనుక చెప్పకుండా వదిలిన ఒక నమ్మకం ఉంది: కారణం తేలిన మరుక్షణం చర్య దానంతట అదే వస్తుందని. తెలుగునేలపైనే ఈ నమ్మకానికి పరీక్ష జరిగింది. ఎముకలను వంచే ఫ్లోరోసిస్ వ్యాధిని 1937లో నాటి నెల్లూరు జిల్లా గ్రామాలలో గుర్తించి, తాగునీటి ఫ్లోరైడుతో దాని సంబంధాన్ని వైద్యపత్రికలలో ప్రకటించారు. కారణం తెలుసు, నీటిలో దానిని కొలవవచ్చు, తొలగించే విధానం కూడా వచ్చింది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ పటిక, సున్నం, బ్లీచింగు పొడులతో ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని 1970లలో రూపొందించింది. దానికి లోకమంతటా ‘నల్గొండ పద్ధతి’ అనే పేరు స్థిరపడింది. పద్ధతికి పేరిచ్చిన జిల్లాలో వంగిన నడుములు నిటారు కాలేదు. 1996 లోక్‌సభ ఎన్నికలలో నీటి సమస్యను దేశం దృష్టికి తేవడానికి నల్గొండ స్థానంలో 480 మంది అభ్యర్థులు నిలబడవలసి వచ్చింది. ఇంటింటికీ నదీజలం అన్న లక్ష్యంతో మిషన్ భగీరథ ప్రారంభమైనది 2016లో.

అంటే అక్కడ జ్ఞానం ఉండి కూడా నీరు రాలేదు. ఉద్దానంలో జ్ఞానం లేకుండానే నీరు వచ్చింది. హిరమండలం జలాశయం నుండి వంశధార నీటిని గొట్టాల ద్వారా ఉద్దానం గ్రామాలకు తెచ్చే, దాదాపు 700 కోట్ల రూపాయల పథకం, పలాసలో 200 పడకల ఆసుపత్రి, మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. వీటి వెనుక ఉన్నది ప్రయోగశాల ఫలితం కాదు. డయాలసిస్ మంచాల ఫోటోలు, ఊరూరా తిరిగిన వైద్యులు, విలేకరులు, ఎన్నికల వాగ్దానాలు, అన్నిటినీ మించి రోగుల కుటుంబాల మొర. ఈ రెండు ప్రాంతాలను పక్కపక్కన పెట్టి చూస్తే, కారణజ్ఞానానికి, చర్యకు మధ్య ఉన్నదనుకొన్న గొలుసు నిజానికి చాలా వదులైనదని తెలుస్తుంది. చర్యను ఆలస్యం చేసినవారు కారణం తెలియదన్న మాటను అడ్డు పెట్టుకొన్నప్పుడు, తెలిసినచోట ఏం చేశారని అడిగే హక్కు ఉద్దానానికి ఉంది.

చర్యలోని ప్రమాదం

ఇంతమాత్రాన చర్య అంతా మేలు అనుకోవడం కూడా పొరపాటే. ఉత్తరమధ్య శ్రీలంక వరి రైతులలో ఇటువంటి వ్యాధే 1990లలో కనిపించింది. గ్లైఫోసేట్ కలుపుమందును అనుమానించి ఆ దేశప్రభుత్వం 2015లో నిషేధించింది. 2018లో తేయాకు, రబ్బరు తోటలకు మినహాయింపు ఇచ్చింది. శాస్త్రం తేల్చని దానిని రాజకీయం తేల్చినట్లు ప్రకటించడం, తరువాత ఆ ప్రకటనను మెల్లగా వెనక్కు తీసుకోవడం, ఈ రెంటి నడుమ రైతుకు మిగిలినది అయోమయం. నిషేధం పొరపాటని ఇక్కడ తీర్పు చెప్పడం లేదు. అనుమానాన్ని అనుమానంగా చెప్పకుండా నిర్ణయంగా చెప్పడమే తప్పు.

ఉద్దానంలో ఆ తప్పుకు అవకాశం నీటి చుట్టూ ఉంది. నీటిశుద్ధి కేంద్రాలలోని రివర్స్ ఆస్మోసిస్ పొర, కరిగిన లవణాలను, లోహాలను చాలావరకు ఒక్కపెట్టున ఆపుతుంది. వాటిలో దోషి ఎవరని అడగదు. కారణం తెలియని చోట ఇంజనీరు ఎంచుకోదగిన సాధనమే అది. వంశధార నీరు మరింత విశాలమైన పరిష్కారం. కాని దోషి నీటి గుణంలో కాక నీటి కొరతలో ఉంటే? మధ్య అమెరికాలో, ప్రత్యేకించి నికరాగ్వా, ఎల్ సాల్వడార్ చెరకు కూలీలలో ప్రబలిన మూత్రపిండ వ్యాధిని పరిశోధించినవారు వేడిమి, శ్రమ, దప్పి వైపే ఎక్కువగా మొగ్గారు. నీరు, విశ్రాంతి, నీడ అనే మూడింటిని పని నియమాలలో చేర్చే ప్రయత్నాలు అక్కడ జరిగాయి. అదే నిజమైతే ఇంటి కుళాయిలోకి ఎంత స్వచ్ఛమైన నీరు వచ్చినా, మిట్టమధ్యాహ్నం తోటలో పనిచేసే మనిషికి గొంతు తడుపుకొనే విరామం లేనప్పుడు ఆ నీరు సగం చర్యే అవుతుంది. గొట్టం వేయడం ప్రభుత్వం ఒంటరిగా చేయగలదు. పనిగంటలు మార్చాలంటే యజమానితో, కూలిరేటుతో పేచీ పెట్టుకోవాలి. మొదటిది జరిగి రెండవది చర్చకైనా రాకపోవడం యాదృచ్ఛికం అనుకోలేము.

‘నీళ్లిచ్చాము, సమస్య తీరింది’ అన్న మాట వ్యాప్తిలోకి వస్తే అన్వేషణకు నిధులు ఆగిపోతాయి. చర్య అన్వేషణను మింగివేయడం, అన్వేషణ చర్యను వాయిదా వేయడం వంటిదే. రెండు కర్తవ్యాలు వేర్వేరు రుజువు స్థాయిలపై ఒకే కాలంలో నడవవలసినవి.

రక్తం ఇచ్చినవారి బాకీ

ఉద్దానానికి ఎన్నో బృందాలు వచ్చాయి. రక్తం, మూత్రం, బావినీరు, మట్టి తీసుకొని వెళ్లాయి. నమూనా ఇచ్చే మనిషి పరిశోధనకు సహకరిస్తున్నానని కాక వైద్యం జరుగుతున్నదని అనుకొని చేయి చాచే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. సమ్మతి పత్రం ఈ భేదాన్ని స్పష్టం చేయవలసిన చోటు. భారత వైద్య పరిశోధన మండలి 2017 నాటి నైతిక మార్గదర్శకాలు పరిశోధన ఫలం పాల్గొన్న సమాజానికి చేరాలని నిర్దేశిస్తున్నాయి. ఫలం అంటే దీర్ఘకాలంలో లభించే మందు ఒకటే కాదు. ఈ మనిషి క్రియాటినిన్ ఎంత, దాని అర్థమేమిటన్నది తొలి ఫలం.

దీనికి ఒక ఆక్షేపణ వినిపిస్తుంది. నయం చేసే మందు లేనప్పుడు వ్యాధి ఉన్నదని చెప్పి ఏం లాభం, దిగులు తప్ప? పెళ్లి సంబంధాలు చెడతాయి, అప్పు పుట్టదు. ఆక్షేపణ తేలికగా కొట్టివేయదగినది కాదు. కాని దానిలో ఒక దాక్షిణ్యపు పొగరు ఉంది. తన శరీరం గురించిన సత్యాన్ని భరించే శక్తి రోగికి లేదని వేరొకరు నిర్ణయించడం. పైగా మందు లేదన్నది సగం నిజమే. ఒళ్లునొప్పులకు మందులషాపులోనో, ఆర్‌ఎంపీ వైద్యుని దగ్గరో తీసుకొనే నొప్పి మాత్రలు దెబ్బతిన్న మూత్రపిండాలకు విషప్రాయమని తెలుసు. రక్తపోటు పెరిగితే అదుపులో ఉంచాలని తెలుసు. వారానికి రెండుమూడు సార్లు, ఒక్కొక్కసారి నాలుగేసి గంటలు డయాలసిస్ యంత్రానికి అంటుకొని ఉండే దశను కొన్నేళ్లు వెనక్కు నెట్టడానికి ఈ మాత్రం జ్ఞానం పనికివస్తుంది. డయాలసిస్ రోగులకు 2019 నుండి నెలకు 10,000 రూపాయల పింఛను లభిస్తున్నది, అది న్యాయమే. వ్యాధి చివరి మెట్టు ఎక్కినవారు ప్రభుత్వానికి కనిపించినంత స్పష్టంగా మొదటి మెట్టుపై ఉన్నవారు తమకు తామైనా కనిపించాలి కదా.

ఇక్కడ భాష కూడా నేరంలో భాగస్వామి కాగలదు. ఈ వ్యాధిని అంతర్జాతీయ పరిభాష మొదట ‘కారణం తెలియనిది’ అన్నది, తరువాత ‘కారణం నిర్ధారణ కానిది’ అనే వైపు మొగ్గింది. తెలుగు పత్రికలలో స్థిరపడిన విశేషణం ‘అంతుచిక్కని’. మూడింటికీ తేడా ఉంది. ‘తెలియనిది’లో తెలుసుకోవలసిన మనిషి ఉన్నాడు. ‘నిర్ధారణ కానిది’లో సాగుతున్న పని ఉంది. ‘అంతుచిక్కనిది’లో పనీ లేదు, మనిషీ లేడు, వ్యాధికే ఒక మాయాశక్తి అంటగట్టినట్లయింది. మాయ ముందు ఎవరూ బాధ్యులు కారు. సమ్మతి పత్రాన్ని, ఆరోగ్య కరపత్రాన్ని తెలుగు చేసేవారు ఈ మూడు మాటలలో దేనిని ఎంచుకొంటారన్నది శైలికి మాత్రమే సంబంధించిన విషయం కాదు.

పేరు సంగతీ అంతే. వ్యాధులకు స్థలనామాలు పెట్టరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. అప్పటికే ‘ఉద్దానం నెఫ్రోపతి’ వైద్యసాహిత్యంలో పాతుకుపోయింది. తోటల పేరు రోగం పేరైంది. ఆ పేరే లేకపోతే ఈ ప్రాంతం వైపు ఎవరు చూసేవారన్న ఎదురుప్రశ్న కూడా ఉంది, దానికి సులువైన జవాబు లేదు.

దీర్ఘకాలపు లెక్క

డాన్యూబు ఉపనదుల తీరగ్రామాల రైతులలో 1950లలో వర్ణించబడిన బాల్కన్ మూత్రపిండ వ్యాధి ఉద్దానానికి దగ్గరి చుట్టం. గోధుమ చేలలో మొలిచే ఒక కలుపుమొక్క గింజలు పిండిలో కలుస్తున్నాయన్న అనుమానం 1969లోనే వెలువడింది. ఆ మొక్కలోని అరిస్టోలోకిక్ ఆమ్లం రోగుల మూత్రపిండ కణజాలపు డీఎన్ఏపై మిగిల్చిన గుర్తులను పరిశోధకులు 2007లో చూపగలిగారు. అనుమానానికి, రుజువుకు మధ్య 38 ఏళ్లు. కణజాలం దొరికింది కనుక, ఏ ఊరిలో ఎవరికి జబ్బు చేసిందో నమోదై ఉంది కనుక అది సాధ్యమైంది.

ఉద్దానంలో ఆ అవకాశం ఇప్పుడు ఒక విచిత్రమైన రూపంలో వచ్చింది. వంశధార నీరు అన్ని గ్రామాలకూ ఒకేనాడు చేరేది కాదు. గొట్టాలు ఒక ఊరి తరువాత మరొక ఊరికి పాకుతాయి. పరీక్ష కోసం కొన్ని ఊళ్లకు నీరు ఆపడం ఏ నీతీ ఒప్పని పని. ఎలాగూ జరిగే ఆలస్యాన్ని నమోదు చేయడంలో మాత్రం దోషం లేదు. పూండి చుట్టుపక్కల ఏ ఊరికి ఏ తేదీన కుళాయినీరు వచ్చింది, అది నిజంగా తాగునీరైందా లేక రుచి నచ్చక పాత బోరే నడుస్తున్నదా, నీరు రాకముందు ఆ ఊరి పెద్దల క్రియాటినిన్ ఎంత, అయిదేళ్ల తరువాత, పదేళ్ల తరువాత ఎంత: ఇంత రాస్తే చాలు. నీటి తేదీ తాగునీటి శాఖ దగ్గర, రక్తపు అంకె ఆసుపత్రి దగ్గర, గ్రామసర్వే పరిశోధన సంస్థ దగ్గర ఉంటాయి. ఈ మూడింటినీ ఒకే దస్త్రంలో చేర్చే పనిని పలాస పరిశోధన కేంద్రం తలకెత్తుకొంటే, ఆ దస్త్రపు ప్రతి ఒకటి తెలుగులో ప్రతి గ్రామ సచివాలయంలోనూ ఉండాలి.